వెచ్చని నేల మీద మన జంబుఖానా

జంబుఖానా గాని తివాచీ గాని నేసినవాడు అది ఎవరి ఇంట్లో, ఎట్టి నేల మీద పరుస్తారో చూడబోడు. మగ్గం దిగిన సరుకు వ్యాపారి చేతికి, అక్కడనుంచి రేవుకు, రేవునుంచి ఓడకు పోతుంది. ఆపైన దాని సంగతి మనకు తెలియదు. అయితే చలిదేశాలలో ఇప్పుడు ఆ నేలే మారిపోతున్నది. చూడడానికి మన ఇంటి గచ్చువలెనే ఉంటుంది గాని, దాని కడుపులో బొటనవేలి లావు గొట్టాలు మెలికలు తిరిగి ఉంటవి. వాటిలో గోరువెచ్చని నీరు చలికాలమంతా రాత్రింబగళ్ళు తిరుగుతూ ఉంటుంది. గదిలో పొయ్యి ఉండదు, గోడకు ఇనుప రేడియేటరు ఉండదు. నేలే గదిని వెచ్చబరుస్తుంది. అట్టి నేల మీద ఏది పరచవచ్చు, ఏది పరచరాదు, పరిస్తే ఎంత నష్టం అనే లెక్కను ఇంటి ఇంజనీరు గొట్టాలు వేయకముందే వేసుకుంటాడు. ఆ లెక్కలో మన ఊరి పేరు ఉండదు గాని మన సరుకు మందం ఉంటుంది.

చీరలు, పంచెలు నేసే కుటుంబాలకు దీనితో పనిలేదని తోచవచ్చు. నిజమే, బరంపురం పట్టు నేసేవారికి దీనివల్ల లాభనష్టాలు లేవు. కాని భవానీ జంబుఖానాలు, ధార్వాడ జిల్లా నవల్‌గుంద్ జంబుఖానాలు, వరంగల్లు కొత్తవాడలో నేసే జంబుఖానాలు, ఏలూరు తివాచీలు అన్నీ నేల మీద పరచే సరుకే. వరంగల్లు జంబుఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపు వచ్చినంతమాత్రాన బేరం రాదు. కొనేవాని ఇంటి అవసరం తెలిసి సరుకు చూపినప్పుడే బేరం వస్తుంది. మన పిల్లలు కొందరు చదువులకు, ఉద్యోగాలకు జర్మనీ, ఇంగ్లండు, అమెరికా దేశాలలో ఉన్నారు గనుక, వెచ్చని నేల అంటే ఏమిటో వారిని అడిగినా చెబుతారు.

నేలను వేడి చేయడం కొత్త సంగతి కాదు. రోమనులు స్నానశాలల నేల కింద ఖాళీ వదలి పొయ్యి వేడిని అందులోకి పోనిచ్చేవారు. కొరియావారు అంతకంటె చక్కని పద్ధతి పట్టినారు. వంటింటి పొయ్యి పొగ పడకగది నేల కిందనుంచి పోయి అవతలి గొట్టంలో బయటపడుతుంది. మధ్యలో పరచిన బల్లపరుపు రాళ్ళు వేడెక్కి తెల్లవార్లూ వెచ్చగా ఉంటవి. దీనిని ఒండోల్ అంటారు. కొరియా ప్రభుత్వం 2018లో ఈ ఒండోల్ సంస్కృతిని తమ జాతీయ వారసత్వంలో చేర్చినది. ఇక్కడ మనం గమనించవలసినది రాళ్ళు కాదు, వాటి మీద వారు పరచినది. మట్టి మెత్తిన రాళ్ళ మీద నూనె పట్టించిన మందపాటి కాగితం అంటించేవారు. కూర్చోవడం, భోజనం, పడక అన్నీ ఆ కాగితపు నేల మీదనే. కొరియా చలి తీవ్రమైనది. అయినా వారు కింద ఊలు తివాచీ పరచుకోలేదు. కిందనుంచి వేడి వచ్చే నేల మీద మందంగా పరిస్తే వేడి పైకి రాదని వారికి ఇంజనీర్లు పుట్టకముందే తెలుసు.

పొగతో ప్రమాదమూ ఉన్నది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో కట్టెలకు బదులు బొగ్గు బిళ్ళలు వాడడం మొదలైన తర్వాత, నేల బీటలలోనుంచి విషవాయువు గదిలోకి వచ్చి కొరియాలో ఎందరో నిద్రలోనే పోయినారు. ఆ పిమ్మట పొగకు బదులు నీటి గొట్టాలు వచ్చినవి. నేడు కొరియా అపార్టుమెంట్లలో ఇంచుమించు అన్నిటా నీటి గొట్టాల నేలలే.

అమెరికాలో ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. టోక్యోలో ఒక ధనికుని ఇంట్లో కొరియా పద్ధతి గదిలో కూర్చుండగా తెలిసిన సుఖాన్ని ఆయన మరువలేదు. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో 1937లో పూర్తయిన జేకబ్స్ ఇంటికి ఆయన నేల కిందనే గొట్టాలు పెట్టించినాడు. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత, 1947నుంచి న్యూయార్కు దగ్గర లెవిటౌనులో వేలకొద్దీ చిన్న ఇళ్ళు ఇదే తీరున కట్టినారు. ఆనాటి లోహపు గొట్టాలు కాలక్రమేణ గచ్చులో తుప్పుపట్టి కారడంతో ఈ పద్ధతికి చెడ్డపేరు వచ్చినది. 1960ల చివర జర్మనీలో గట్టి ప్లాస్టిక్ గొట్టం తయారైన తర్వాతనే మళ్ళీ పుంజుకున్నది.

ఇక అసలు లెక్కకు వస్తాము.

నేల మీద మనిషి నడవాలి, పిల్లలు పడుకోవాలి. కాబట్టి నేలను కాల్చరాదు. ఐరోపావారి నియమం ప్రకారం, మనుషులు మసలే చోట నేల పైభాగం 29 డిగ్రీలు దాటరాదు. కిటికీల పక్కన, గోడల అంచున 35 వరకు, స్నానాల గదిలో 33 వరకు పోవచ్చును. గది 20 డిగ్రీలు ఉండి నేల 29 ఉంటే, ప్రతి చదరపు మీటరు నుంచి సుమారు 100 వాట్ల వేడి గదిలోకి వస్తుంది. అంటే 100 వాట్ల పాతకాలపు బల్బు ఒకటి ప్రతి చదరపు మీటరుకు వెలుగుతున్నంత. అది పైమెట్టు. గోడలు, కిటికీలు బాగుగా కట్టిన ఇంటికి అందులో సగం, 50 వాట్లు చాలు. దానికి నేల 25 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. 25 డిగ్రీల నేల చేతికి వెచ్చగా కూడా తోచదు. అయినా గది నిండుతుంది, ఎందుకంటే నేల విస్తీర్ణం పెద్దది. రేడియేటరు చిన్నది గనుక దానికి కాగే నీరు కావలెను. నేలకు ఆ అక్కర లేదు.

నీటికి, గదికి నడుమ నాలుగు అడ్డులు ఉన్నవి. గొట్టం, దాని మీది సిమెంటు గచ్చు కలిపి ఒక అడ్డు. నేల పరుపు, అనగా గచ్చుకు అంటించిన పలకలో చెక్కో, రెండవది. దాని మీద పరచిన గుడ్డ మూడవది. నేల పైభాగం నుంచి గదిలోకి వేడి వదలడంలో ఉండే అడ్డు నాలుగవది. దీనిని ఉష్ణ నిరోధం అంటారు. చదరపు మీటరుకు ఒక వాటు పోవడానికి ఎంత డిగ్రీ తేడా కావలెనో అదే దాని కొలత. ఈ అడ్డులను కూడవలెను. పడుగుకు గంజి, రంగు, ఆసు కూలి కూడినట్లే. గొట్టాలు 15 సెంటీమీటర్ల ఎడంలో వేసిన మామూలు గచ్చుకు 0.10 అనుకుందాము. పై అడ్డు కూడా ఇంచుమించు 0.10. ఈ రెండూ ఎప్పుడూ ఉండేవే. మధ్య అడ్డు మాత్రమే ఇంటివాని ఇష్టం మీద ఆధారపడుతుంది.

గచ్చు మీద పింగాణి పలకలు వేస్తే వాటి అడ్డు 0.01. అంటే లేనట్లే. అన్నీ కలిపి 0.21. దానిని 50 వాట్లతో గుణిస్తే పదిన్నర. గది 20 ఉండాలంటే నీరు సగటున ముప్పైన్నర డిగ్రీలు చాలునన్నమాట. మన ఊళ్ళలో వేసవిలో కుళాయి విప్పితే ఇంతకంటె వేడినీరు వస్తుంది!

అదే పలకల మీద 4 మిల్లీమీటర్ల నూలు జంబుఖానా పరచినామనుకోండి. తివాచీ గుడ్డలో వేడి పోయే గుణాన్ని లెక్కకోసం 0.06 అని తీసుకుంటారు. దాని ప్రకారం జంబుఖానా అడ్డు సుమారు 0.07. మొత్తం 0.28. నీరు 34 డిగ్రీలు కావలెను. 10 మిల్లీమీటర్ల ఊలు కుచ్చు తివాచీ అయితే 0.17, మొత్తం 0.38, నీరు 39. ఆ తివాచీ కింద మెత్తదనానికి మందపాటి నురుగు పొర వేస్తే అది ఒక్కటే 0.20 ఉంటుంది. అప్పుడు మొత్తం 0.58, నీరు 49. గచ్చు మీద చెక్క నేల ఒక్కటే ఉంటే చెక్క 0.10, మొత్తం 0.30, నీరు 35.

ఇందులో చిత్రమేమంటే, పాదానికి మాత్రం అన్నిటా నేల 25 డిగ్రీలే. గదికి అదే 50 వాట్లు. ఇంటికి వచ్చిన చుట్టానికి తేడా ఏమీ తెలియదు. తేడా అంతా కింద, నీటిలో, నెల తిరిగేసరికి వచ్చే కరెంటు బిల్లులో ఉన్నది.

మునుపు ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. గ్యాసు బాయిలరుకు 35 డిగ్రీల నీరు ఇవ్వడం, 50 డిగ్రీల నీరు ఇవ్వడం పెద్ద భేదమైన పని కాదు. ఇప్పుడు ఐరోపాలో గ్యాసుకు బదులు హీట్ పంపు వస్తున్నది. అది మన ఫ్రిజ్ వంటి యంత్రమే. ఫ్రిజ్ లోపలి వేడిని వెనుకకు తోసినట్లు, ఇది బయటి చలిగాలిలోనుంచో మట్టిలోనుంచో వేడిని లాగి ఇంటి నీటికి ఇస్తుంది. నీరు ఎంత తక్కువ వేడి కావలెనంటే దానికి అంత తక్కువ కరెంటు చాలును. నీరు ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 2 నుంచి 3 శాతం కరెంటు ఎక్కువ పడుతుంది. వట్టి పలకలకు ముప్పైన్నర, నురుగు పొర మీది కుచ్చు తివాచీకి 49. పద్ధెనిమిదిన్నర డిగ్రీల తేడా. కరెంటు మూడో వంతు నుంచి సగం దాకా పెరుగుతుంది. జంబుఖానాకు మూడున్నర డిగ్రీలే. పదో వంతు లోపు.

ఇంకొక చిక్కు ఉన్నది. ఇంట్లో ఆరు గదులు ఉంటే హీట్ పంపు ఆరు రకాల నీరు కాచదు. ఎక్కువ అడ్డు ఉన్న గదికి, ఎక్కువ చలి తగిలే గదికి ఎంత వేడి కావలెనో అంత వేడితోనే నీరు కాస్తుంది. తక్కిన గదులకు చల్లనీరు కలిపి దించుతారు. అయిదు గదులలో పలకలు వేసి, ఒక్క హాలులో నురుగు పొర మీద కుచ్చు తివాచీ వేసినా, యంత్రం 49 డిగ్రీలకు కాయక తప్పదు. ఒక్క గది తివాచీ ఇల్లంతటి ఖర్చును నిర్ణయిస్తుంది. ఈ కారణంచేతనే ఐరోపా నియమాలు, ఇంటివాడు ఏమి పరుస్తాడో ముందు తెలియనప్పుడు, వాసపు గదులకు 0.10 అడ్డు ఉంటుందని అనుకొని లెక్క వేయమని చెబుతవి. ఎంత పోయినా 0.15 దాటరాదని కట్టడి. ఆ 0.15లో కింది పొర, అంటించే జిగురు, పై తివాచీ అన్నీ ఇమడవలెను.

గొట్టాలు దగ్గరగా వేస్తే సరిపోదా అని అడగవచ్చు. అచ్చులో పోగులు దగ్గర చేస్తే గుడ్డ చిక్కనైనట్లు, గొట్టాల ఎడం 30 సెంటీమీటర్ల నుంచి 10కి తెస్తే అదే నీటితో ఎక్కువ వేడి వస్తుంది, నిజమే. కాని దానితో తగ్గేది గచ్చులోని అడ్డే. పైన పరచిన తివాచీ అడ్డు తివాచీదే. మందపాటి తివాచీ ఉన్న గదిలో గొట్టాలు ఎంత దగ్గర చేసినా లాభం కొద్దిగానే కనిపిస్తుంది. గొట్టాలు ఎడంగా వేసి పైన పలకలు పరచిన నేలకు మరొక దోషం ఉన్నది. వట్టికాళ్ళతో నడిస్తే ఒక పట్టీ వెచ్చన, ఒక పట్టీ చల్లన, చారల చీర మీద నడిచినట్లు తెలుస్తుంది. పలుచని గుడ్డ పరిస్తే ఆ చారలు కలిసిపోతవి. జంబుఖానాకు ఇది ఒక గుణమే.

చెక్క నేల సంగతి వేరుగా చెప్పవలెను, ఎందుకంటే ఐరోపా, అమెరికా ఇళ్ళలో మన సరుకు ఎక్కువగా పడేది చెక్క మీదనే. చెక్క ఎండితే ముడుచుకుంటుంది, పలకల మధ్య సందులు పడతవి. అందుచేత చెక్కనేల తయారీదారులు పైభాగం 27 డిగ్రీలు దాటరాదని షరతు పెడతారు. నీరు 35 డిగ్రీల వద్ద నడుస్తున్న చెక్క నేలను తీసుకోండి. ఏమీ పరచకపోతే పైభాగం 25. దాని మీద మన 4 మిల్లీమీటర్ల జంబుఖానా పరిస్తే, దాని కింద చెక్క సుమారు 27 అవుతుంది. షరతు అంచున ఉన్నది గాని దాటలేదు. 10 మిల్లీమీటర్ల కుచ్చు తివాచీ పరిస్తే చెక్క 28 దాటి ఇంచుమించు ఇరవై ఎనిమిదిన్నరకు వస్తుంది. షరతు తప్పినది. నాలుగు చలికాలాలు గడిచి తివాచీ ఎత్తి చూసినప్పుడు, దాని అచ్చు మేరకు చెక్క రంగు మారి, సందులు విడిచి ఉండవచ్చును. అప్పుడు ఇంటివాడు తిట్టేది నీటిని కాదు, తివాచీని.

పరుపు ఎంత మేర పరచినారనేది కూడా ముఖ్యమే. 12 అడుగులు, 15 అడుగుల గదిలో 4 అడుగులు, 6 అడుగుల జంబుఖానా పరిస్తే అది నేలలో ఎనిమిదో వంతు కంటె కొంచెమే ఎక్కువ. పలకల మీద అయితే దాని కింద వేడి నాలుగో వంతు తగ్గినా, గది మొత్తానికి తగ్గేది 3 శాతం. ఎవరికీ తెలియదు. అదే గదిలో 9 అడుగులు, 12 అడుగుల కుచ్చు తివాచీ పరిస్తే నేలలో 60 శాతం మూతపడుతుంది. దాని కింద వేడి ఇంచుమించు సగానికి పడిపోతుంది. మొత్తం మీద నాలుగో వంతుకు పైగా కోత. మంచు కురిసే రాత్రి ఆ గది చల్లబడుతుంది. కాబట్టి చిన్న సైజు సరుకు ఏదైనా సరే, వెచ్చని నేల యజమాని నిర్భయంగా కొనవచ్చు. పెద్ద సైజు నేసేవారే మందం చూసుకోవలసి ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది నీటి గొట్టాల నేల గురించి. కరెంటు తీగలతోనో, పలుచని రేకులతోనో వేడెక్కే నేలలు కూడా ఉన్నవి. రెండింటికీ ఒక పెద్ద భేదం. నీటి నేలలో తివాచీ ఎంత మందమైనా దాని కింద వేడి నీటి వేడిని మించదు. 35 డిగ్రీల నీరు ఉన్నచోట 35 దాటి పోదు. కరెంటు తీగకు ఆ హద్దు లేదు. అది చదరపు మీటరుకు 100 వాట్లు ఇచ్చేదైతే, పైన ఏమి పరచినా 100 వాట్లు ఇస్తూనే ఉంటుంది. వేడి పైకి పోలేక కింద పేరుకుంటుంది. వేడి అంతా పైకే పోవలెనంటే, లెక్క ప్రకారం కుచ్చు తివాచీ కింద 46 డిగ్రీలు, నురుగు పొర కూడా ఉంటే 66 డిగ్రీలు వస్తవి. కొంత వేడి పక్కలకు, కిందికి పోతుంది గనుకను, కాపలా మీట ఒకటి ఉండి కరెంటును ఆపుతుంది గనుకను అంత దూరం రాకపోవచ్చు. అయినా రబ్బరు పూత పూసిన తివాచీ వెనుకభాగం అట్టి వేడికి పెళుసై పొడి రాలుతుంది, లేదా చెక్కకు అంటుకొని ఊడి రాదు. కరెంటు నేల మీద మందపాటి పరుపు వేయవద్దని అమ్మేటప్పుడే చెప్పడం మంచిది.

ఇప్పుడు ఈ అడ్డును కొలిచే కొలతను గురించి. ఇది నేతవారి చరిత్రలో భాగమే. పైన 0.07, 0.17 అని చెప్పిన అంకెలు ఇంజనీర్ల భాషలోవి. బజారులో ఇంగ్లండువారు దీనికి టాగ్ అనే కొలత వాడతారు. ఒక టాగ్ అంటే 0.10. దీనిని కనిపెట్టినది ఇళ్ళు కట్టేవారు కాదు, గుడ్డ నేసేవారి పరిశోధనశాల. మాంచెస్టరు నగరంలోని షిర్లీ ఇన్‌స్టిట్యూట్, అనగా బ్రిటిషు నూలు పరిశ్రమవారి పరిశోధన సంస్థ, 1940లలో దీనిని తెచ్చినది. వాడుక ఇంగ్లీషులో బట్టలకు ఉన్న ఒక ముద్దుపేరు నుంచి ఆ మాట పుట్టినది. పలుచని వేసవి సూటు గుడ్డ ఇంచుమించు ఒక టాగ్. ఇంగ్లండులో రజాయిల మీద కూడా ఈ అంకె వేసే అమ్ముతారు. వేసవి రజాయి 4.5, గట్టి చలికాలపు రజాయి 13.5. షోలాపురం చద్దరు నేసే మనవారు కూడా ఈ మాట గుర్తుంచుకోదగినది. రజాయికి టాగ్ ఎంత ఎక్కువైతే అంత వెల. వెచ్చని నేల మీది పరుపుకు సరిగ్గా తలకిందులు.

ఆ అంకె ఎంత ఉండవచ్చునన్న విషయంలో ఇంగ్లండులో రెండు మాటలు వినబడతవి. నేల గొట్టాలు వేసేవారు తివాచీ, కింది పొర కలిపి 1.5 టాగ్ దాటవద్దంటారు. తివాచీ వ్యాపారులు 2.5 వరకు ఫరవాలేదంటారు. ఎవరి వ్యాపారం వారిది. పైన వేసిన లెక్కలో 2.5 టాగ్ పెట్టి చూస్తే నీరు సుమారు 43 డిగ్రీలు కావలెను. గ్యాసు బాయిలరు ఇంట్లో అది నడుస్తుంది. హీట్ పంపు ఇంట్లో నడుస్తుంది గాని యజమాని బిల్లు చూసి బాధపడతాడు. రానున్నది హీట్ పంపు కాలం కాబట్టి, 1.5 అనే మాటనే మనం పట్టుకోవడం క్షేమం.

మరి ఏ నూలుతో నేస్తే టాగ్ తక్కువ అవుతుంది? ఊలు వెచ్చన, నూలు చల్లన అని మనం అనుకుంటాము. ఒంటి మీది బట్టకు అది కొంత నిజం. నేల లెక్కలో పోగు జాతికంటె మందమే ముఖ్యం. వేడిని ఆపేది పోగు కాదు, పోగుల మధ్య చిక్కిన గాలి. కుచ్చు తివాచీలో గాలి ఎక్కువ. పడుగు కనబడకుండా పేక బిగించి కొట్టిన జంబుఖానాలో గాలి తక్కువ. కాబట్టి ఒకే మందంలో కూడా బిగువుగా నేసినది వేడిని ఎక్కువగా పోనిస్తుంది. నాణ్యం కోసం మన పెద్దలు పేకను బిగించి కొట్టమన్న మాట ఇక్కడ కూడా పనికివస్తున్నది. వదులుగా నేసి, బరువు కోసం గంజి ఎక్కించిన సరుకు రెండు ఉతుకులకు ఉబ్బి మెత్తబడి, అడ్డు పెరుగుతుంది.

వెచ్చని నేల వల్ల మనకు నష్టం కూడా ఉన్నది, దానిని దాచరాదు. చలిదేశంలో తివాచీ కొనడానికి మొదటి కారణం కాలికి చల్లన తగలకుండా ఉండటం. నేలే వెచ్చనైతే ఆ కారణం పోయినట్లే. వట్టి రాతి నేల మీద కాలు పెట్టినా హాయిగా ఉంటుంది. గోడనుంచి గోడకు తివాచీ అంటించే అలవాటు అట్టి ఇళ్ళలో నిలవదు. ఇంకా మిగిలే కారణాలు చూపుకు అందం, అడుగుల చప్పుడు తగ్గడం, పిల్లలు కూర్చోవడానికి చోటు. వీటికి మందం అక్కరలేదు. రంగు, చార, అంచు కావలెను. అంటే మందపాటి కుచ్చు తివాచీ పోగొట్టుకొనే చోటు పలుచని జంబుఖానాకు దక్కవచ్చును. మన జంబుఖానాకు ఉన్న పలుచదనం ఇన్నాళ్ళు చవకదనానికి గుర్తుగా చెల్లినది. ఈ నేల మీద అదే దాని విలువ. ఏలూరు తివాచీవంటి కుచ్చు సరుకు నేసేవారికి ఈ మాట రుచించకపోవచ్చు. వారు కుచ్చును పొట్టిగా కత్తిరించి, సైజు తగ్గించి చూపవచ్చు. కుచ్చు ఎత్తు 10 నుంచి 6 మిల్లీమీటర్లకు తగ్గినా అడ్డు చాలవరకు తగ్గుతుంది.

సరుకు వెనుకభాగం గురించి ఒక మాట. నేల మీద జారకుండా ఉండటానికి కొందరు వ్యాపారులు జంబుఖానాకు నురుగు రబ్బరు అంటించమంటారు. 4 మిల్లీమీటర్ల జంబుఖానాకు 5 మిల్లీమీటర్ల నురుగు అంటిస్తే, మనం పలుచగా నేసి సంపాదించినదంతా నురుగులో పోతుంది. పైగా వేడికి ఆ నురుగు వాసన కొడుతుంది, చెక్కకు మచ్చ పడుతుంది. జారుడు ఆపడానికి కన్నాలున్న పలుచని వల వంటి పట్టు విడిగా దొరుకుతుంది. అది చాలును. రంగు విషయంలో కూడా జాగ్రత్త కావలెను. వేడి నేల మీద నీరు ఒలికినప్పుడు కచ్చా రంగు దిగి రాతికో చెక్కకో పట్టిందంటే మరి పోదు. పక్కా రంగు కాని సరుకును ఈ ఇళ్ళకు పంపరాదు.

తన సరుకు టాగ్ ఎంతో నేతగాడు ఇంట్లోనే ఉజ్జాయింపుగా తెలుసుకోవచ్చు. జంబుఖానా మడతలు వేసి పది పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చండి. పైన చదునైన బల్ల ఒకటి పెట్టి, దాని మీద తేలికపాటి బరువు ఉంచండి. బల్ల కింద ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి పదితో భాగిస్తే ఒక పొర మందం వస్తుంది. దానిని 6తో భాగించండి, వచ్చినది టాగ్. పది పొరలు 42 మిల్లీమీటర్లు ఉంటే ఒక పొర 4.2, టాగ్ 0.7. పది పొరలు 90 ఉంటే 9, టాగ్ ఒకటిన్నర. హద్దు మీద ఉన్నట్లు. ఇది మన తెలివికోసం వేసుకొనే లెక్క మాత్రమే. చీటీ మీద అచ్చు వేయడానికి పనికిరాదు. దానికి పరీక్షాశాలలో సరుకును పలకల నడుమ పెట్టి, ఒక పక్క వేడి చేసి, ఎంత వేడి అవతలికి పోయినదో కొలిచి ఇచ్చిన కాగితం కావలెను. ఒక్కొక్క రకానికి, ఒక్కొక్క మందానికి ఒక పరీక్ష చాలును. రంగు, డిజైను మారినంతమాత్రాన మళ్ళీ చేయించనక్కరలేదు. పరీక్ష ఖర్చు ఒక కుటుంబానికి బరువే గాని, ఒకే రకం నేసే పది కుటుంబాలు కలిసి సొసైటీ ద్వారా చేయిస్తే ఎవరికీ బరువు కాదు. ఆ కాగితంలోని అంకెను, మందాన్ని, వెనుక రబ్బరు లేదనే మాటను చీటీ మీద మూడు వరుసలలో వేసి సరుకుకు కుట్టి పంపవచ్చును.